క్రొత్త చేపల చెరువులో నాచు: గుర్తించుట, అదుపు చేయుట

తొలకరి వానలు పడి, కాలువలకు నీరు వదలిన నెలా నెలన్నర దినములకు మా కార్యాలయపు బల్లపైకి సీసాలు రావడము మొదలగును. మందు సీసా, మంచినీళ్ళ సీసా, ఒక్కొక్కప్పుడు పాలక్యాను మూత, ఏది చేతికందిన దానిలో ఆకుపచ్చని పదార్థము కొంచెము పట్టుకొని రైతు వచ్చును. “ఏవోగారూ, వరి మానేసి కొత్తగా చెరువు తవ్వించామండీ. పిల్లేసి ఇరవై రోజులు కాలేదు, అప్పుడే నాచు పట్టేసింది. దీనికేమన్నా మందుంటే రాసివ్వండి” అని అడుగును. చేపల సంగతి మత్స్యశాఖవారిది, వారిని అడుగుడని చెప్పి పంపవచ్చును. కాని నిన్నటివరకు అదే పొలములో వరి వేసి, తెగుళ్ళకు మావద్దకే వచ్చిన రైతును అట్లు పంపుటకు మనసొప్పదు.

సీసా వంక చూచి మందు పేరు వ్రాసి ఇచ్చుట తేలిక. అట్లు వ్రాసి ఇచ్చి ఒక రైతుకు నష్టము తెచ్చినవాడను నేనే. ఆ సంగతి ముందుగా చెప్పెదను.

ఉద్యోగములో చేరిన రెండవ సంవత్సరము వేసవిలో రెండెకరముల క్రొత్త చెరువు గల ఒక పెద్దమనిషి వచ్చెను. నీరు చిక్కని పచ్చగా, పెసరపిండి కలిపినట్లు ఉన్నది. నేను లెక్క కట్టి మైలుతుత్తము మోతాదు వ్రాసి ఇచ్చితిని. ఆయన నేను చెప్పినట్లే ఒక సాయంకాలము చెరువంతటా చల్లించెను. మరునాడు మబ్బు పట్టి ఎండ కాయలేదు. రెండవనాడు తెల్లవారుజామున ఆయన ఫోను చేసెను. నేను వెళ్ళునప్పటికి బొచ్చెలు, శీలావతులు నీటి పైకి తేలి నోళ్ళు తెరచి గుటకలు వేయుచున్నవి. ఎనిమిది గంటలకు గట్టు వెంబడి తెల్లని పొట్టలు కనబడినవి. ఆయన నన్ను ఒక్క మాట కూడ పరుషముగా అనలేదు. “మీరు రాసిందే, రాసినంతే వేశామండీ” అని మాత్రము అనెను.

తరువాత నేను నా లెక్కను పదిసార్లు చూచుకొంటిని. అందులో తప్పు లేదు. ఆ చేపలు మైలుతుత్తము వలన చావలేదు, గాలి చాలక చచ్చినవి. తప్పు మోతాదులో లేదు. నేను నాచును గూర్చి ఆలోచించితినే గాని, ఆ నాచు చచ్చిన పిదప చెరువు ఏమగునో ఆలోచించలేదు.

నాచు ఎందుకు పుట్టును

నాచు కూడ మొక్క వంటిదే. దానికి వేరు, కాండము, ఆకు, పువ్వు ఉండవు. కావలసినవి నీరు, ఎండ, నత్రజని, భాస్వరము. ఈ నాలుగును క్రొత్త చెరువులో ఒక్కచోట చేరును. నిన్నటివరకు వరి పండిన పొలములో యూరియా, సూపరు ఫాస్ఫేటుల శేషము మట్టిలో ఉండును. నీట మునిగిన మోళ్ళు కుళ్ళి ఎరువగును. కాలువ నీటిలో వచ్చిన ఒండ్రు నాలుగు దినములలో అడుగునకు దిగి నీరు తేటబడును. తేటనీటిలో ఎండ అడుగువరకు పోవును. పాత చెరువులో నీటి రంగే అడుగునకు నీడ పట్టుచుండగా, క్రొత్త చెరువుకు ఆ నీడ ఇంకను ఏర్పడలేదు. అందుచేత నాచు ముందుగా అడుగునుండియే బయలుదేరును.

మన డెల్టాలో దీనికి తోడు ఇంకొక కారణము గలదు. కొన్నిచోట్ల గట్టు మట్టి కొరకు చుట్టును కందకము వలె త్రవ్వి, నడుమ పొలమును ఉన్నది ఉన్నట్లే విడిచిపెట్టుచున్నారు. కందకములో ఆరడుగుల నీరున్నను, నడుమ మెరకపైన రెండడుగులు కూడ ఉండదు. నాచు పట్టినదని వచ్చిన రైతును నేను మొదట అడుగు ప్రశ్న, “నడుమ ఎంత లోతున్నదండీ?” అని. చాలమంది గట్టు దగ్గరి లోతే చెప్పుదురు.

దీనిని చిన్న ఎత్తున చూడదలచినవారు ఉన్నత పాఠశాలలో పిల్లలు పెంచు గాజుతొట్టిని చూడవచ్చును. క్రొత్తగా నీరు పోసిన కొన్ని వారములలో అద్దములపై గోధుమరంగు పొర పట్టును, వ్రేలితో తుడిచిన ఊడివచ్చును. అవి డయాటములు అను సూక్ష్మమైన నాచులు. తొట్టిని కిటికీ ఎండలో ఉంచి, పిల్లలు సరదాకొద్దీ మేత ఎక్కువ వేసినచో తరువాత నీరంతయు పచ్చబడును. తొట్టిని నీడకు జరిపి, మేత తగ్గించి, మూడవవంతు నీరు మార్చినచో తిరిగి తేటపడును. అచ్చట మందు అవసరము లేదు. చెరువును నీడకు జరుపలేము గనుక మన పని కొంత కష్టము.

నాచంతయు పగ కాదు

రైతు సోదరులు ముఖ్యముగా గ్రహింపవలసినది, నాచు లేని చెరువులో చేప పెరుగదు. నీటిలో కంటికి కనబడక తేలియాడు సూక్ష్మమైన నాచులనే ప్లవకములందురు. వీటిని తిని సూక్ష్మజీవులు, ఆ రెంటిని తిని చేపలు బ్రతుకును. వెండిచేప ప్లవకములను నేరుగా వడగట్టి తినును. బొచ్చెకు ఆ సూక్ష్మజీవులే ముఖ్యాహారము. చేపలు పీల్చు ప్రాణవాయువులో ఎక్కువ భాగము పగటివేళ ఈ ప్లవకములు తయారుచేసినదే. కాబట్టి పచ్చని నీటిని చూచి భయపడి మందు వేయుట, పైరు పచ్చగానున్నదని కలుపుమందు కొట్టుట వంటిది.

మా చదువులో నీలి ఆకుపచ్చ నాచులను స్నేహితులుగానే నేర్చుకొంటిమి. వరి మడిలో ఈ జాతులలో కొన్ని గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు అందించునని 1939లోనే మన దేశ శాస్త్రజ్ఞుడు పి. కె. డే ప్రకటించెను. అదే శక్తి చేపల చెరువులో ఎదురు తిరుగును. నీటిలో భాస్వరము ఎక్కువై నత్రజని తక్కువైనప్పుడు తక్కిన నాచులు వెనుకబడగా, గాలినుండి నత్రజని తెచ్చుకొనగల జాతులు చెరువునంతను ఆక్రమించును.

కర్ర, సీసా, మోచేయి

మన గ్రామములలో నాచు అను ఒక్క మాటతోనే పది రకములను పిలుచుదురు. మెట్లపై జారునది పాకుడు, పైన తెట్టెగా కట్టునది పాచి, లోపల తీగవలె పెరుగునది నాచు. ఈ చివరిది చాలసార్లు నాచే కాదు. దానిని పైకి తీసి చూచినచో కాండము, కణుపు కణుపుకు చుట్టును చిన్న ఆకులు కనబడును. అది హైడ్రిల్లా అను మొక్క. దానిపై మైలుతుత్తమునకు ఆధారపడరాదు, గడ్డిచేప ఇష్టముగా తినును. అట్లే నీటిపై పచ్చని నూకలు చల్లినట్లుండి, చేతిలోనికి తీసికొనగా విడివిడి చిన్న ఆకులుగా కనబడునదియు నాచు కాదు, తేలు మొక్క. వలతో ఒక ప్రక్కకు లాగి తీసివేయవలెను.

నిజమైన నాచును గుర్తించుటకు సూక్ష్మదర్శిని లేకపోయినను చాలవరకు పని జరుగును. ఒక వెదురుకర్రను తెట్టె క్రిందికి జొనిపి పైకెత్తవలెను. తడి జుట్టువలె, దూదివలె కర్రనుండి వ్రేలాడినచో అది పోగు నాచు. వ్రేలాడక, కర్రకు రంగు పూసినట్లు అంటుకొన్నచో అది నీలి ఆకుపచ్చ నాచు గాని, యూగ్లీనా గాని కావచ్చును.

పోగు నాచులో మరల భేదములు గలవు. లేత ఆకుపచ్చగా, వ్రేళ్ళ నడుమ జిగురుగా జారునది స్పైరోగైరా. నీరు పిండిన ముతక నూలువలె గరుకుగా నుండునది పితోఫోరా. ఇది మొండిది, మైలుతుత్తమునకు సులభముగా లొంగదు. సన్నని కన్నుల వలవలె అల్లుకొని ఉండునది హైడ్రోడిక్టియాన్. దానిలో చిన్న చేపపిల్లలు చిక్కి చచ్చుట కలదు. పోగు నాచు అడుగున పుట్టి, ఎండలో తాను విడిచిన గాలిబుడగలు పోగులలో చిక్కుటచే తెప్పలుగా పైకి లేచును. అందుచేత “రాత్రికి రాత్రి పుట్టిందండీ” అని రైతు అనును. పుట్టినది రాత్రి కాదు, పదిహేను దినములుగా అడుగున పెరిగి ఇప్పుడు లేచినది. వీటికి తోడు, ముట్టుకొన్న ఇసుకవలె గరగరలాడుచు, నలిపిన వెల్లుల్లి వాసన కొట్టునది ఒకటి గలదు. చూచుటకు మొక్కవలె నున్నను అది కారా అను నాచే.

రెండవ పరీక్ష సీసాది. తెల్లని గాజుసీసాను చెరువు నీటితో నింపి, కదలనీయక నీడలో ఒక రాత్రి ఉంచవలెను. బురద అడుగునకు దిగి పైనీరు తేటపడినచో రంగు మట్టిదే. పచ్చదనము మొత్తము నీటిలో పరచుకొని ఉన్నచో అవి మేలైన ప్లవకములు కావచ్చును. పచ్చని పదార్థము పైకి చేరి మూతి వద్ద మందమైన వలయము కట్టినచో అది మైక్రోసిస్టిస్, అనబీనా వంటి నీలి ఆకుపచ్చ నాచు. దాని కణములలో గాలితిత్తులుండుటచే అది పైకి తేలును. చెరువులోను గాలి వీచు వైపు గట్టుకు కొట్టుకొనిపోయి రంగుడబ్బా ఒలికినట్లు కనబడును.

యూగ్లీనాను గుర్తించుటకు సీసా కంటె గడియారము మేలు. మధ్యాహ్నపు ఎండలో చెరువుపై ఇటుకరంగు పొర, ఉదయము, సాయంకాలము అదే పొర పచ్చగా ఉన్నచో అది యూగ్లీనాలో ఒక జాతి. సేంద్రియ పదార్థము ఎక్కువైన చెరువులోనే ఇది వచ్చును. కోళ్ళపెంట బండ్లకొలది తోలిన చెరువుల మీద దీనిని నేను తరచు చూచితిని.

మూడవది మోచేయి. అరచేతిని పైకి తెరచి చేయిని నిలువుగా నీటిలోనికి దింపవలెను. మోచేయి మునుగునప్పటికి అరచేయి మసకగా కనబడినచో ప్లవకములు సరిపోవునంత ఉన్నవి. మణికట్టు దాటిన కొంచెము దూరములోనే చేయి మాయమైనచో పచ్చదనము మితిమీరినది, మేత, ఎరువు ఆపవలసినది. భుజము మునిగినను అరచేయి కనబడుచున్నచో చెరువు ఆకలితో నున్నది, అడుగున పోగు నాచు లేచుటకు అనువుగా నున్నది. శాస్త్రజ్ఞులు ఇందుకు 20 సెంటీమీటర్ల అడ్డుకొలత గల, నలుపు తెలుపు భాగములుగా రంగువేసిన సెక్కీ పళ్ళెమును వాడుదురు. అది కనబడకుండ పోవు లోతు 25 నుండి 40 సెంటీమీటర్ల మధ్య ఉండుట చేపల చెరువుకు మంచిది. పాత రేకు మూతకు రంగు వేసి, కొలతలు గుర్తించిన తాడు కట్టినచో పళ్ళెము ఇంటివద్దనే తయారగును. ఒకేవేళ, ఉదయము తొమ్మిది పది గంటల నడుమ, వారమునకు రెండుసార్లు చూచి వ్రాసి ఉంచుకొనవలెను.

రాత్రి చెరువులో జరుగునది

పగలు నాచు ఎండను ఉపయోగించుకొని ప్రాణవాయువును విడుచును. సూర్యుడు క్రుంకగానే ఆ పని ఆగును గాని, నాచు కూడ చేపవలెనే శ్వాసించుచు ఉన్న ప్రాణవాయువును వాడుకొనును. అడుగు బురదలో కుళ్ళు పదార్థమును వాడుకొనును. కాబట్టి చెరువులో ప్రాణవాయువు సాయంకాలము మిక్కిలి ఎక్కువగాను, తెల్లవారుటకు ముందు మిక్కిలి తక్కువగాను ఉండును. నాచు ఎంత చిక్కగానున్న పగటి పెరుగుదల, రాత్రి తరుగుదల అంత పెద్దవి. లీటరుకు 5 మిల్లీగ్రాములున్న చేపలు సుఖముగా నుండును. 3కు దిగువకు పోయినచో మేత మానును, ఇంకను దిగినచో పైకి వచ్చి గుటకలు వేయును.

మబ్బు పట్టిన దినమున పగటి రాబడి తగ్గును గాని రాత్రి ఖర్చు తగ్గదు. ఇక నాచు ఒక్కసారిగా చచ్చినచో రాబడి పూర్తిగా ఆగి, చచ్చిన నాచు కుళ్ళుటకు క్రొత్త ఖర్చు చేరును. నేను చెప్పిన చెరువులో జరిగినది ఇదే. చిక్కని పచ్చదనము, వేసవి వేడి, సాయంకాలపు మందు, మరునాటి మబ్బు, నాలుగును కలిసినవి. మందు వేయకున్నను ఇటువంటి చెరువులో నాచు తనంతట తానే ఒకనాడు చచ్చుట కలదు. నిన్న పచ్చగానున్న నీరు నేడు గోధుమరంగుగా మారి వాసన వేసినచో అదే జరిగినదని తెలిసికొని వెంటనే మేత ఆపవలెను. ఏరేటరు ఉన్నవారు రాత్రి తిప్పవలెను. లేనివారు ఇంజను పెట్టి చెరువు నీటినే తోడి, గొట్టపు మూతికి అడ్డుగా పలకనుంచి తుంపరలుగా పడునట్లు చేయవలెను. కాలువలోగాని బోరులోగాని మంచినీరున్న తూము తెరచి పెట్టవలెను. బోరు నీటిలో ప్రాణవాయువు తక్కువగానుండును, దానిని కూడ ఎత్తునుండి చిందించి వదలవలెను. తెల్లవారుజామున మూడు గంటలకు గట్టుపై మనిషి ఉండవలెను. ఉదయము తొమ్మిదికి వచ్చి చూచినచో చేయదగినదేమియు మిగులదు.

పగటి సంగతి ఒకటి చెప్పవలసి యున్నది. నాచు ఎక్కువైన చెరువులో మధ్యాహ్నము నీటి క్షారగుణము పెరిగి ఉదజని సూచిక 9 దాటును. అప్పుడు నీటిలోని అమ్మోనియా విషముగా మారు పాలు హెచ్చును. మధ్యాహ్నము చేపలు మేత ముట్టనప్పుడు మేత మంచిది కాదని కొట్టువానితో తగవు పెట్టుకొనుటకు ముందు ఇది చూడవలెను.

ముందు చేయి, తరువాత మందు

పోగు నాచునకు మొదటి వైద్యము మనిషి చేయి. ముతక కొబ్బరితాటిని చెరువుకు అడ్డముగా ఇద్దరు రెండు గట్లమీద పట్టుకొని నడచినచో తెప్పలు దానికి చుట్టుకొని ఒక మూలకు చేరును. వెదురు దంతెతోగాని వలతోగాని గట్టుపైకి లాగవలెను. తీసినదానిని గట్టుమీదనే విడిచినచో మొదటి వానకు దాని సారమంతయు తిరిగి చెరువులోనికే చేరును. దూరముగా మోసి కుప్పవేసినచో మంచి కంపోస్టగును. నాచుతో కూడ దానిలోని నత్రజని, భాస్వరములు చెరువునుండి వెడలును. మందులో ఈ లాభము లేదు, చచ్చిన నాచు సారము నీటిలోనే ఉండి మరియొక నాచుకు మేతయగును.

తరువాత లోతు. నడుమ మెరకపైన కూడ ఐదడుగుల నీరు నిలుచునట్లు చూడవలెను. వేసవిలో కాలువలు కట్టివేయుదురు గనుక అంతకు ముందే చెరువును నిండుగా పెట్టుకొనవలెను. క్రొత్తగా త్రవ్వించువారికి నా సలహా, గట్టు పెంచుటకు పెట్టు ఖర్చులో కొంత నడుమ మెరకను తీయుటకు పెట్టుడు.

1959లో మన దేశమునకు తెచ్చిన గడ్డిచేప, వెండిచేపలు ఈ పనిలో కొంత సాయపడును. గడ్డిచేప లేత పోగు నాచును, హైడ్రిల్లాను తినును. అయితే ఇవియే సర్వరోగ నివారిణి అని చెప్పువారి మాట నమ్మరాదు. మేత సంచులలో తవుడు నిండుగా దొరకుచుండగా గడ్డిచేప ముతక నాచువంక చూడదు. వెండిచేప మ్రింగిన మైక్రోసిస్టిస్‌లో కొంత ప్రాణముతోనే బయటపడును.

ఇప్పుడు మైలుతుత్తము. ద్రాక్షకు, కొబ్బరికి బోర్డో మిశ్రమము కలిపిన రైతులకు ఇది పరిచితమే. నీటిలోని నాచుపై దీని పనితనమును అమెరికా వ్యవసాయశాఖకు చెందిన మూర్, కెల్లర్‌మన్ అను శాస్త్రజ్ఞులు 1904లో ప్రకటించిరి. నూరేండ్లకు పైబడినను వాడుకలోనున్నది. కాని దీని మోతాదు చెరువు విస్తీర్ణమును బట్టి మాత్రమే కాక నీటి మొత్తము క్షారతను బట్టి ఉండును. క్షారత తక్కువైన నీటిలో రాగి చేపకు విషము, ఎక్కువైన నీటిలో నాచుపైన పని చేయక అడుగునకు దిగును. నీటిని పరీక్ష చేయించి, కాల్షియం కార్బొనేటు లెక్కన వచ్చిన క్షారత అంకెను నూరుతో భాగించినచో లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల మైలుతుత్తము కావలయునో వచ్చును. క్షారత 120 అయినచో లీటరుకు 1.2 మిల్లీగ్రాములు. 50కి తక్కువైనచో అసలు వాడరాదు.

ఒక ఎకరములో ఒక అడుగు లోతు నీటికి, లీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున, 1.23 కిలోలు పట్టును. కాబట్టి ఎకరము చెరువులో 5 అడుగుల నీరు, క్షారత 120 అయినచో 1.23ను 5తోను, 1.2తోను హెచ్చవేయగా సుమారు 7.4 కిలోలు వచ్చును. ఇంతయు ఒక్కసారి వేయరాదు. చెరువును నాలుగు భాగములుగా తలచి, మొదట ఒక భాగములో మాత్రము దానికి తగిన 1.85 కిలోలు కరగించి చల్లవలెను. పది దినములు ఆగి, చేపలు, నీరు బాగున్నచో రెండవ భాగము. ఎండ కాయు దినమున, ఉదయము ఎండ బాగుగా వచ్చిన పిదపనే చల్లవలెను. మబ్బు దినమునను, సాయంకాలమునను, వేసవిలో నీరు చిక్కగా పచ్చబడి యున్నప్పుడును వాడరాదు. కరగించుటకు ప్లాస్టిక్ తొట్టి గాని చెక్క తొట్టి గాని వాడవలెను. ఇనుప బకెట్టులో రాగి ఇనుమునకు పట్టి మందు బలము తగ్గును. రొయ్యలున్న చెరువులో దీని జోలికి పోరాదు.

ఈ మందు వాడిన రాగి ఎక్కడికిని పోదు, అడుగు బురదలో చేరి నిలుచును. ఏటేటా వేసినచో ఏటేటా పేరుకొనును. ఎప్పుడైన ఆ చెరువును పూడ్చి మరల వరి వేయదలచినచో ఆ బురదయే మన నేల. అందుచేత చేయి, లోతు, మేత సవరణ మూడును చేసి చూడకుండ నేను ఇప్పుడు ఎవరికిని మైలుతుత్తము వ్రాయుట లేదు.

నీలి ఆకుపచ్చ నాచు, యూగ్లీనా పట్టిన చెరువులో మందు కంటె ముందు చేయవలసినది ఎరువు, కోళ్ళపెంట ఆపుట, మేత సగమునకు తగ్గించుట. వేసిన మేతలోని నత్రజని, భాస్వరములలో సగముకంటె తక్కువ భాగమే చేప శరీరమున చేరును, మిగిలినది నీటికే ఎరువు. గాలికి ఒక మూలకు చేరిన తెట్టెను మెత్తని గుడ్డ వలతోగాని బకెట్లతోగాని ఎత్తి బయట పోయవలెను. అవకాశమున్నచో పై నీటిలో నాలుగవవంతు తీసి క్రొత్త నీరు పెట్టవలెను.

పశువుల సంగతి

గ్రామాధికారులు దీనిని శ్రద్ధగా గమనింపవలెను. నీలి ఆకుపచ్చ నాచులలో కొన్ని విషమును తయారుచేయును. రంగు పూసినట్లు తెట్టె కట్టిన చెరువు నీరు త్రాగిన పశువులు చనిపోయిన సందర్భములు పలుదేశములలో నమోదైనవి. మరిగించినను ఈ విషము పోదు. ఏ చెరువులో పశువులు ఏ నీరు త్రాగుచున్నవో గ్రామములో అందరికంటె మీకే బాగుగా తెలియును. అట్టి తెట్టె కనబడినప్పుడు రేవువద్ద పశువులను దింపకుండ దండోరా వేయించి, పశువైద్యునికి, మత్స్యశాఖ వారికి కబురు పంపవలెను. మంచినీటి చెరువైనచో ఆ నీటిని తోడుట ఆపించి పైవారికి వెంటనే తెలియజేయవలెను. అట్టి తెట్టెపై మందు చల్లించుటకు తొందరపడరాదు. కణములు పగిలినప్పుడు లోపలి విషము ఒక్కసారిగా నీటిలో కలియును.

వచ్చే సంవత్సరము చెరువు త్రవ్వించువారికి

నాచు పట్టకుండ చేయుటకు అదను చెరువు నిండు మొదటి ఇరువది దినములు. అడుగు ఎండగట్టి మోళ్ళు తీసివేసి, నేల పరీక్షననుసరించి సున్నము చల్లవలెను. ఆమ్లము లేని నేలలకు ఎకరమునకు 80 కిలోలు సామాన్యముగా సరిపోవును. నీటిని అడుగు అడుగుగా నెలల తరబడి పెట్టక, వీలైనంత త్వరలో నాలుగైదు అడుగులకు తేవలెను. తూముకు సన్నని కన్నుల వల కట్టవలెను. ఎకరమునకు ఒక టన్ను వరకు పశువుల పెంటను మూలలలో కుప్పలుగా వేసి, 8 నుండి 10 కిలోల సూపరు ఫాస్ఫేటును ముందురాత్రి నానబెట్టి ఆ నీటిని చెరువంతటా చల్లవలెను. గుళికలుగా చల్లినచో భాస్వరమును అడుగు మట్టి పట్టుకొనును. పది పదిహేను దినములలో నీరు లేత పచ్చగా మారి మోచేయి పరీక్షకు సరిపోవును. ఆ రంగే అడుగునకు నీడ. నీడ పడినచోట పోగు నాచు లేవదు. అప్పుడు పిల్ల వేయవలెను.

ఇక్కడ చాలమంది ఒక పొరపాటు చేయుచున్నారు. పోగు నాచు అప్పటికే లేచిన చెరువులో, నీరు పచ్చబడిన నాచు పోవునని విని ఎరువు వేయుదురు. అప్పుడా ఎరువు ప్లవకములకు అందకముందే పోగు నాచు లాగుకొని రెట్టింపగును. ముందు తాడుతో నాచు తీసి, తరువాతనే ఎరువు.

మావద్దకు సీసా తెచ్చువారికి ఒక మనవి. మందుసీసాలో తేవలదు, అడుగున మిగిలిన చుక్కయే నాచును చంపి రంగు మార్చును. శుభ్రమైన రెండు గాజుసీసాలు తీసికొని, ఒకదానిలో తెట్టెను, రెండవదానిలో నడుమ చెరువు నీటిని, సగమువరకే నింపి, తడిగుడ్డ చుట్టి, ఆ ఉదయమే తీసి ఆ ఉదయమే తీసికొనిరండు. నడుమ మెరకపై లోతు, మోచేయి కొలత, గత పదిహేను దినములలో వేసిన మేత, ఎరువుల బస్తాలు, చేపలు తెల్లవారుజామున పైకి వచ్చుచున్నవో లేదో ఒక కాగితముమీద వ్రాసి తెండు.